ఓడినవాడే లెక్క రాయాలి

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మొన్న చాండ్లర్‌లో కమ్యూనిటీ హాలు తీసుకుని పెట్టిన సంతాప సభలో అవి చారెడు దాటి చేటలంత అయ్యాయి. ఒకాయన లేచి, పోయినాయన అమెరికా టీవీలో తెలుగువాడి పేరు నిలబెట్టిన క్రీడాకారుడన్నాడు. ఇదే పెద్దమనిషి ఏడేళ్ళ కిందట ఒక బర్త్‌డే పార్టీలో, బార్‌లో గోడకి సూదులు గుచ్చడం కూడా ఒక ఉద్యోగమేనా అని పదిమందినీ నవ్వించాడు. తర్వాత ఒకావిడ మైకు తీసుకుని ఆయన క్రమశిక్షణ గురించి చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆయన వస్తున్నాడంటే పిల్లల్ని పైగదిలోకి తరిమేది ఆవిడే. నేను వెనక వరసలో కాగితం గ్లాసులో టీ పట్టుకుని కూర్చున్నాను. 

నన్నూ నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. నిజానికి ఆ మనిషంటే నాకు అసహ్యం. పోయాడని తెలిసినా తగ్గని అసహ్యం. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది కానీ, ఈయన విషయంలో మా అమ్మే ఆ నియమం పాటించదు.

పేరు రాయను. ఆయన భార్య ఇంకా అదే ఊళ్ళో, అదే ఇంట్లో ఉంది. ఆవిడది మా ఖమ్మం. ఒక ఊరివాళ్ళమని తెలిసిన రోజే నన్ను తమ్ముడూ అంది, నేను అక్కా అన్నాను. ఆ వరసన ఆయన నాకు బావగారయ్యాడు. ఆయనది భీమవరం పక్కన పల్లె. నన్నొక్కణ్ణే కాదు, కనిపించిన ప్రతి మగవాణ్ణీ బావా అనేవాడు. అందుకని తెలుగువాళ్ళంతా ఆయనకి బాణాల బావగారని పేరు పెట్టారు.

బాణాలంటే విల్లుతో వేసేవి కావు, డార్ట్స్. ఇక్కడి బార్లలో ఒక మూల గుండ్రటి బోర్డు వేలాడుతుంటుంది. వంతుకి మూడేసి చిన్న బాణాలు విసరాలి. ఐదువందల ఒకటితో మొదలుపెట్టి, వేసిన పాయింట్లు తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకి రావాలి. ముగించే బాణం బోర్డు అంచున ఉండే సన్నటి డబుల్ వలయంలోనే పడాలి. అక్కడ పడ్డ అంకె రెట్టింపవుతుంది. నేను కాంట్రాక్టు మీద చాండ్లర్‌లో చిప్పులు చేసే కంపెనీకి వచ్చిన రోజుల్లో ఆయన అదే బిల్డింగ్‌లో క్వాలిటీ ఇంజనీరు. టీమ్ లంచ్‌కి వెళ్ళిన చోట ఎవరో సరదాకి ఆయన చేతికి మూడు బాణాలిచ్చారట. నేను వచ్చేసరికే మంగళవారం లీగ్‌లో ఆయన పేరు మోగుతోంది.

ఎందుకంత అసహ్యమో చెప్పాలి. ఆయన ఎడమ చేత్తో అన్నం తినేవాడు. ఎడమచేతివాటం మనిషి కాదు. పోటీకి నాలుగు రోజుల ముందు నుంచీ కుడిచేతి వేళ్ళకి నూనె గానీ, కారం గానీ తగలకూడదు, పట్టు జారిపోతుందట. చెంచా వాడొచ్చు కదా అంటే, చెంచాతో తింటే అన్నం ఒంటికి పట్టదనేవాడు. నా గృహప్రవేశానికి అరిటాకు ముందు కూర్చుని, కుడిచేయి ఒళ్ళో జాగ్రత్తగా పెట్టుకుని, ఎడమ చేత్తో పులిహోర ముద్దలు చేసి మింగాడు. అదే చేత్తో పక్కవాళ్ళ ఆకులో మిగిలిన గారె అడిగి తీసుకున్నాడు. అప్పుడు మా అమ్మ ఆరునెలలకి వచ్చి మా దగ్గరుంది. ఆ మనిషి మళ్ళీ వస్తే నేను గదిలోంచి బయటికి రానని ఆ సాయంత్రమే చెప్పేసింది. చెప్పినట్టే రాలేదు కూడా.

ఇంకా ఉన్నాయి. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ తొక్కలు కాగితం కప్పులో ఉమ్మేవాడు. ఒకసారి టూసాన్ నుంచి వస్తుంటే నా కాఫీ అనుకుని ఆ కప్పు నోటిదాకా తెచ్చుకున్నాను. ఆ వాసన ఇప్పటికీ గుర్తొస్తుంది. ప్రతి విసురుకీ ముందు బొటనవేలూ చూపుడువేలూ నాలికతో తడుపుకునేవాడు. కుడిచేత్తో సంచీ మోసేవాడు కాదు, కారు డోరు తీసేవాడు కాదు. కాస్ట్‌కో నుంచి ఇరవై పౌన్ల బియ్యం బస్తా అక్క మోసుకొస్తుంటే, ఆయన ముందు నడుస్తూ తాళంచెవి ఎడమచేత్తో తిప్పేవాడు.

అయితే వేస్తుంటే చూడాలి. ఆ మాట దాచను. భుజం కదిలేది కాదు, మోచేయి పైకి లేచేది కాదు. మణికట్టు దగ్గర చిన్న విదిలింపు, అంతే. ఎలా అని అడిగితే ఒకటే మాట: "పట్టుకోవడం ఎవడికైనా వచ్చు బావా. వదలడమే ఆట." ఈ మాట ఆయన కనీసం వందసార్లు చెప్పాడు. పెళ్ళి విందులో, పిల్లల ఆటస్థలంలో, ఒకసారి మా మామగారి దశదిన కర్మకని ఇండియా వెళ్ళబోతున్న నా చేయి పట్టుకుని కూడా చెప్పాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

వీసా మీద ఉన్నన్నాళ్ళూ గెలిచినా ప్రైజ్ మనీ ముట్టుకోవద్దని లాయరు చెప్పాడు. అందుకని కప్పులు తెచ్చుకుని టీవీ చుట్టూ పేర్చుకునేవాడు. గ్రీన్‌కార్డు వచ్చిన వారం ఎవరైనా సత్యనారాయణ వ్రతం చేసుకుంటారు. ఈయన రాజీనామా ఇచ్చాడు. అక్క ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి చూస్తే, ఈయన వీపు మీద "గాండీవ" అని ఇంగ్లీషు అక్షరాలు కుట్టించిన ఎర్రపట్టు చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడట. అమెరికన్లు దాన్ని ఏదో దేశం పేరనుకునేవాళ్ళు.

మొదటి ఏడాది బాగానే సాగింది. టూసాన్‌లో గెలిచాడు, అల్బుకర్కీలో రెండో స్థానం. విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నాడు. రెండో ఏడాది ఎక్కడికి వెళ్ళినా మొదటి రెండు రౌండ్లలోనే తిరుగుటపా. ఓడిన ప్రతిసారీ ఒక కారణం ఉండేది. ఏసీ గాలి తగిలింది, బోర్డు కొత్తది, ఎవడో చిప్స్ పొట్లం నలిపాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వెనక్కి వచ్చేదాకా అదే గోల. కారు నడిపేది నేనే కనుక వినక తప్పేది కాదు. నువ్వెందుకు వెళ్తావని మా ఆవిడ అడిగేది. అక్క అడిగేది కాబట్టి. తోడు ఒకరుంటే తొందరగా ఇంటికొస్తాడని ఆవిడ ఆశ.

ఈ ఆటలో ఒక కట్టుబాటు ఉంది. లెక్క రాయడానికి వేరే మనిషి ఉండడు. ఓడినవాడే తర్వాతి ఆటకి రాయాలి. చాక్‌పీసు పోయి తెల్లబోర్డూ మార్కరూ వచ్చి ఏళ్ళయినా ఆ పనిని ఇంకా చాక్ చేయడమనే అంటారు. రాసేవాడు బోర్డు పక్కన, గోడవైపు తిరిగి నిలబడాలి. కదలకూడదు, దగ్గకూడదు, తల తిప్పకూడదు. ఓడిన మంట చల్లారకముందే ఇంకొకరి పాయింట్లు తీసేస్తూ నిలబడటం ఎవరికైనా కష్టమే. అయినా అందరూ చేస్తారు. లారీ డ్రైవర్లు చేస్తారు, పోస్టాఫీసులో పనిచేసే ఆడవాళ్ళు చేస్తారు, పోయినేటి ఛాంపియన్ కూడా చేస్తాడు. మా బావగారు మాత్రం చేయడు. ఓడిన మరుక్షణం ఆయనకి ఫోను వచ్చేది, లేదా కడుపు నొప్పి వచ్చేది. మా బావ రాస్తాడని నన్ను చూపించి జారుకునేవాడు. అలా రెండేళ్ళు ఆయన ఓటములన్నిటికీ నేను లెక్క రాశాను. బార్లలో జనం నన్ను గుర్తుపట్టేంత మంచి చాకర్‌నయ్యాను.

అమెరికాలో మాంద్యం వచ్చిన ఏడాది లాస్ వేగాస్‌లో టీవీలో వచ్చే పెద్ద టోర్నమెంటుకి పక్కనే ఉన్న మీసా అనే ఊళ్ళో, మా లీగ్ ఆడే బార్‌లోనే, అర్హత పోటీ పెట్టారు. గెలిచిన ఒక్కరే వెళ్తారు. ఆ శనివారం కారెక్కగానే ఆయన గింజల కప్పు తీయలేదు.  చాండ్లర్ దాటాక అన్నాడు: "ఈసారి పోతే సోమవారం నుంచి రెజ్యుమే పట్టుకుని తిరుగుతా బావా. మీ అక్కకి మాటిచ్చా." ఆ మాట నిజమేనని అక్క కూడా ముందురోజు ఫోన్‌లో చెప్పింది. చెప్తూ నవ్వింది. ఆవిడ నవ్వగా విని అప్పటికి ఏడాది దాటింది.

ఫైనల్‌లో ఆయనకి ఎదురుగా రే. అరవై దాటిన వెల్డరు, వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు, మందపాటి కళ్ళద్దాలు. ఎదుటివాడు వేస్తుంటే చూడటం మర్యాద కాదని, వెనక్కి తిరిగి చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుంటూ నిలబడేవాడు. అంతకుముందు ఆటలో ఓడినామె డ్యూటీ టైమయి వెళ్ళిపోయింది. ఎవరు రాస్తారని నిర్వాహకుడు అడిగితే, బావగారు నా వీపు మీద చరిచి, మావాడు ఎంసెట్ ర్యాంకరు, లెక్క తప్పడమన్నది పుట్టాక ఎరగడని అందరికీ వినిపించేలా ఇంగ్లీషులో చెప్పాడు. నువ్వు ఆయన స్నేహితుడివి కదా అని రే అనొచ్చు. అనలేదు. సరేనన్నట్టు తలూపాడు.

చివరి ఆట దాకా సమంగా వచ్చారు. బావగారికి నూట ఇరవై ఒకటి మిగిలింది. మొదటి బాణం ఇరవైకి మూడు రెట్లిచ్చే ట్రిపుల్‌లో పడి అరవై ఇచ్చింది. రెండోది జారి ఒకటిలో పడింది. మూడోది ఇరవైలో గుచ్చుకుంది. మొత్తం ఎనభై ఒకటి, మిగిలింది నలభై. నేను నలభై రాశాను. కానీ ఆ మూడో బాణం ఒక్క క్షణం వేలాడి కింద రబ్బరు చాప మీద పడింది. పడిన బాణానికి పాయింట్లు లేవు. రాయాల్సింది అరవై. నలభై అయితే ఒక్క బాణంతో ముగించొచ్చు, అరవైకి కనీసం రెండు కావాలి. బావగారు బాణాలు తీసుకోవడానికి వచ్చాడు. వంగి కిందపడ్డదాన్ని ఏరుకున్నాడు. లేస్తూ బోర్డు మీద నలభై చూశాడు. నన్ను చూశాడు. ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

రేకి ముప్ఫై రెండు మిగిలింది. అద్దాలు పెట్టుకుని వచ్చి మూడు బాణాలు వేశాడు. మూడూ డబుల్ తీగకి బయటివైపు ఆనుకుని నిలిచాయి. బావగారు వేళ్ళు తడుపుకుని ఒక్క బాణం వేశాడు. డబుల్ ఇరవై. బార్ అంతా చప్పట్లు. ఆట ముగిశాక లెక్క తప్పని తేలినా ఫలితం మారదు, అది రూలు. రే ముందు నా దగ్గరికొచ్చి, బాగా రాశావని చేయి కలిపాడు. తర్వాత నా చేతిలోంచి మార్కరు తీసుకుని, అదే బోర్డు మీద మొదలవుతున్న ఇంకో ఆటకి రాయడానికి బోర్డు పక్కన నిలబడ్డాడు. ఓడినవాడు కదా.

వేగాస్‌లో బావగారు మొదటి రౌండ్‌లోనే, ఒక్క సెట్ కూడా గెలవకుండా, వెళ్ళినంత వేగంగా వచ్చేశాడు. కానీ టీవీలో కనిపించాడు. ఆ డీవీడీ పెట్టుకుని ఏడాది బతికాడు. భోజనానికి పిలిచి, తిన్నాక ఎవరినీ కదలనిచ్చేవాడు కాదు. ఎర్రచొక్కాతో స్టేజి మీదికి నడిచే చోట బొమ్మ ఆపి, అక్కడ నడకలో లయ చూడండి అనేవాడు. ఆట మొదలయ్యే చోట డీవీడీ ఆపేసేవాడు. ఉద్యోగం మాట అక్క ఎత్తితే, ప్రో ప్లేయర్‌ని పట్టుకుని మళ్ళీ ఆ చిప్పుల ఫ్యాక్టరీలో ముసుగు బట్టలు తొడుక్కోమంటావా అని అందరి ముందే కసిరేవాడు. ఆవిడ వంటగదిలో రెండో షిఫ్టుకి డబ్బా సర్దుకుంటుండేది.

ఒకరోజు నాకు ఆగలేదు. ఒకరింట్లో దీపావళి పార్టీలో, ఆయన ఇంకో గదిలో ఉండగా, నలభై కథ చెప్పేశాను. నేను పొరపాటున తప్పు రాశాను, ఆయన చూసి కూడా చెప్పలేదు, ఆ ముసలాయన్ని ముంచి వేగాస్ వెళ్ళాడు. విన్నవాళ్ళు ఛీ అన్నారు. ఆ వారం తిరిగేసరికి ఆయన పేరు నలభై బావగారైంది. ఎవరో ఆయన మొహం మీదే అలా పిలిచారు. నేను ఎదురుగా ఉన్నాను. ఆయన అందరినీ దాటుకుని నన్ను చూశాడు. ఇప్పుడు నన్ను తిడతాడు, లేదా బుకాయిస్తాడు అనుకున్నాను. గిన్నె నా వైపు జరిపి, "దద్దోజనం బాగుంది బావా, వేసుకో" అన్నాడు. ఎంత సిగ్గులేని జన్మ అనుకున్నాను. దులిపేసుకు పోయేవాణ్ణి ఏం చేస్తామని మా ఆవిడతో కూడా అన్నాను.

నేను చెప్పని ముక్క ఒకటుంది. ఆ బాణం నా కుడి బూటుకి తగిలి పడింది. నాలుగు రాసి పక్కన సున్నా చుట్టేలోపే నేను దాన్ని చూశాను. వేలితో తుడిచేస్తే సరిపోయేది, క్షణం పని. తుడవలేదు. ఆయన మీద జాలితో అనుకుంటే నాకు కొంత గౌరవం మిగిలేది. జాలి కాదు. ఎంసెట్ ర్యాంకరు, లెక్క తప్పడమన్నది ఎరగడని అప్పుడే చెప్పించుకున్నవాణ్ణి, అంతమంది అమెరికన్ల ముందు తీసివేత తప్పానని ఒప్పుకోవడానికి నామోషీ వేసింది. అంతే. ఆ నామోషీ ఖరీదు రే ఇచ్చాడు, అక్క ఇచ్చింది. ఆ సోమవారం రెజ్యుమే బయటికి రాలేదు. ఏ పార్టీలోనూ ఈ ముక్క నేను చెప్పలేదు.

ఆ తర్వాత బావగారి చేయి పోయింది. అప్పటికే నేను ఆ బార్ వైపు వెళ్ళడం మానేశాను. విరగలేదు, పక్షవాతం రాలేదు. బాణం వదలడం రాలేదు. ఈ ఆటగాళ్ళలో కొందరికి వస్తుందట, దానికో జబ్బు పేరు కూడా ఉంది. అక్క చూడమంటే ఒక ఆదివారం వాళ్ళ గరాజ్‌కి వెళ్ళాను. నేల మీద టేపు గీత దగ్గర నిలబడి ఉన్నాడు. చేయి ముందుకు వెళ్తోంది, వెనక్కి వస్తోంది, మళ్ళీ ముందుకి. వేళ్ళు మాత్రం విడవటం లేదు. అలా పదిహేను, ఇరవైసార్లు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎప్పటి నుంచని అడిగాను. "ఒక మంగళవారం మొదలైంది బావా" అన్నాడు. ఏ మంగళవారమో నేను అడగలేదు. పాపం పండిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాను.

మనిషి ఊరుకోలేదు. ఎడమ చేత్తో వేయడం నేర్చుకున్నాడు. దాంతో ఎడమచేయి కాపాడుకోవాల్సి వచ్చి, తిండి కుడిచేతికి మారింది. ఫోన్‌లో ఈ సంగతి చెబితే మా అమ్మ, ఇప్పటికి మనిషయ్యాడు అంది. ఎడమ చేత్తో రెండు చిన్న పోటీలకి వెళ్ళి, లీగ్‌లో కొత్తగా చేరినవాళ్ళ మీద ఓడిపోయాడు. అప్పటికి నాకు సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. పండక్కి అక్కకి ఫోన్ చేసేవాణ్ణి. ఆయన పక్కనే ఉన్నాడు ఇమ్మంటావా అంటే, మీటింగ్ ఉందనేవాణ్ణి.

పోయిన నెల అక్కే ఫోన్ చేసింది. కిరాణాకొట్టు పార్కింగ్‌లో బియ్యం బస్తా కారులో పెడుతూ కూలిపోయాడట. బస్తా ఆయన మోస్తున్నాడా అని అడగబోయి ఆగాను. సభ అయిపోయాక అక్క నన్ను పక్కకి పిలిచి, జిప్పున్న చిన్న తోలు సంచీ చేతిలో పెట్టింది. అందులో మూడు బాణాలు.

"తనకేమన్నా అయితే మీ బావ దీన్ని మీసాలో రే అనే ముసలాయనకి ఇయ్యమన్నడు తమ్ముడూ. నాకు ఆయన తెల్వదు. నువ్వైతే ఎరుగుదువట."

ఎరుగుదును. ఫ్లైట్‌కి ఇంకా నాలుగు గంటలుంది. పోస్టులో పంపొచ్చు కదా అని ఆలోచించాను కూడా. ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది కాబట్టి సరేనన్నాను.

ఆ రోజు మంగళవారం, మధ్యాహ్నం. బార్‌లో అదే తివాచీ, అదే పులిసిన బీరు వాసన. ఇద్దరు ఆడవాళ్ళు ఆడుకుంటున్నారు. రే కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. సంచీ ఇచ్చాను. జిప్పు తీసి, బాణాలు బయటికి తీయకుండానే మళ్ళీ మూశాడు. వార్త ఆయనకి ముందే తెలుసట. నువ్వు ఆ ఇంజనీరువి కదా, ఆ రోజు రాసింది నువ్వే కదా అన్నాడు. అవునన్నాను.

అప్పుడు చెప్పాడు. వేగాస్ నుంచి వచ్చిన ఏడాదికి, ఒక మంగళవారం, బావగారు ఒక్కడే వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడట. ఆ నలభై నలభై కాదు, అరవై అని చెప్పాడట. బాణం పడటం తాను చూశానని, చూసి కూడా నోరు మూసుకున్నానని చెప్పాడట. రేకి కోపం వచ్చిందట. కొంతసేపటికి, అయితే అరవై నుంచే ముగిద్దాం రమ్మన్నాడట. బోర్డు మీద అరవై ఒకవైపు, ముప్ఫై రెండు ఒకవైపు రాశారు. బావగారు గీత దగ్గర నిలబడ్డాడు. చేయి ఎత్తాడు. బాణం చేతిలోంచి రాలేదు. చాలాసేపు నిలబడి, వెళ్ళి మార్కరు తీసుకున్నాడట.

"ఆ తర్వాత ప్రతి మంగళవారం వచ్చాడు" అన్నాడు రే. "ఆడడానికి కాదు. అందరికీ చాక్ చేసేవాడు, తెరిచినప్పటి నుంచి మూసేదాకా. మాకు అంత మంచి చాకర్ ఎప్పుడూ లేడు."

వింటుంటే నాకు ఆయన మీద మళ్ళీ మండుకొచ్చింది. ఇంట్లో అక్క రెండు షిఫ్టులు చేస్తుంటే ఈయన ఇక్కడ ఊళ్ళోవాళ్ళ పాయింట్లు తీసేస్తూ పుణ్యం సంపాదించుకున్నాడు. ఆవిడకి ఒక్కమాట చెప్పలేదు. ఆ కోపం మీదే అడిగాను, నా గురించి ఏమన్నాడని.

"నువ్వు చూడలేదన్నాడు. మా బావ గోడవైపు తిరిగి ఉన్నాడు, అతనికి బాణం పడినట్టు తెలియదు, అతని మీద కోపం పెట్టుకోకు అన్నాడు. రెండుసార్లు చెప్పాడు."

 నేను చూశానని బావగారికి తెలుసు. బాణం ఏరుకోవడానికి నా బూటు దగ్గర వంగినవాడికి, పైకి చూసినవాడికి, నా కళ్ళు ఎక్కడున్నాయో తెలియకుండా ఉంటుందా. దీపావళి రోజు అంతమంది ముందు ఒక్కమాట అంటే నా పరువు పోయేది. దద్దోజనం గిన్నె జరిపాడు. జీవితమంతా అబద్ధాలాడిన మనిషి, ఇంత నీటుగా ఇంకొకటి నా కోసం ఆడి పెట్టి పోయాడు. ఆ అబద్ధం వెనక నేను హాయిగా ఉండొచ్చు. బదులు చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆయనంటే నాకు ఇప్పటికీ రోతే, ఆ ఎడమచేయి, ఆ కప్పు, అక్క భుజం మీద ఆ బస్తా, ఏదీ మరవలేదు. కానీ ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టిన తిట్లలో నా వాటా కూడా ఆయన పేరు మీదే రాశాను. అది తలుచుకుంటే నా మీద నాకు పుట్టిన అసహ్యం ముందు అవేవీ ఆనలేదు.

"నేను చూశాను" అన్నాను. "బాణం నా బూటుకి తగిలింది. సున్నా రాయకముందే చూశాను."

రే అద్దాలు తీశాడు. చొక్కా అంచుతో మెల్లగా తుడుచుకున్నాడు. పెట్టుకుని నా బూట్ల వైపు చూశాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళ ఆట అప్పుడే ముగిసింది. ఓడినామె బోర్డు తుడవడానికి లేవబోతే ఆయన చేత్తో ఆగమన్నాడు. మార్కరు తెచ్చి నా ముందు కౌంటరు మీద పెట్టాడు.

ఫ్లైట్‌కి టైమవుతోందని చెప్పొచ్చు. అలాంటి సాకులు బావగారి నోట, ఈ బార్‌లోనే, నేను ఎన్నోసార్లు విన్నాను. మార్కరు తీసుకుని వెళ్ళి, ఐదువందల ఒకటి రెండు వైపులా రాసి, గోడవైపు తిరిగి కదలకుండా నిలబడ్డాను.